మూడో గుండిగ

మా ఆయన గవర్నమెంటు హాస్టల్లో ముప్పై ఏళ్ళకు పైగా వంట చేశాడు. రిటైరైన రోజు పిల్లలు మెడలో బంతిపూల దండ వేశారు. ఊరి పెద్దలు శాలువా కప్పారు. పులిహోర, కేసరి అందరికీ పంచారు. ఆ పులిహోర కలిపింది కూడా ఆయనే. దండ నలుగుతుందని తీసి కిటికీ ఊచకు తగిలించి, చేతులు కడుక్కుని కలిపాడట. సాయంత్రం ఇంటికొచ్చి శాలువా నా చేతిలో పెట్టి, "ఇంక రేపట్నుంచి తెల్లారకముందే లేసే పని లేదు మే" అన్నాడు. మర్నాడు నాలుగింటికే లేచి, వాకిట్లో కూర్చుని, ఏం చేయాలో తెలియక నా కోసం కట్టెలు కొట్టి పెట్టాడు. మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది.

రెండు మూడు నెలల్లో పెన్షను మొదలవుతుందన్నారు. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు కూడా వస్తాయన్నారు. మాకు పొలం లేదు. ఉన్న ఒక్క కూతురు తన కాపురం తాను చేసుకుంటోంది. కాబట్టి ఆ పెన్షనే మాకు బియ్యం, అదే ఆయన బీపీ మాత్రలు, అదే అన్నీ. మూడో నెల గడిచింది, నాలుగో నెలా గడిచింది, ఏమీ రాలేదు. ఒకనాడు హాస్టలు నుంచి ఫోను. కొత్తగా వచ్చిన వార్డెన్ సారు రమ్మన్నాడు. "నువ్వు కూడా రా, ఏదన్నా చదవమంటే నేనేం చదువుతా" అని మా ఆయన నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

మా ఆయనకు సంతకం వచ్చు, చదువు రాదు. నాకు చదువు వచ్చు. నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది, పలకల గనుల దుమ్ము మధ్య ఉన్న ఆ బడికి పంపవద్దని ఎవరో చెప్పారు. మా నాయన మార్కాపురంలో పలకల పనికి పోయేవాడు. అంచులు విరిగి పనికిరాని పలకలు సంచిలో వేసుకుని వచ్చి, అన్నం తిన్నాక నా చేత అక్షరాలు దిద్దించేవాడు. తప్పు రాస్తే తిట్టేవాడు కాదు, "ఇంకో ముక్క తీస్కో" అనేవాడు. విరిగిన పలకలకు మా ఇంట్లో కొదవ లేదు. మందిరంలో పాటలు చూసి పాడేంత చదువు ఆ ముక్కల మీదే అబ్బింది. దేవుడు మా నాయన్ను అట్లాంటి మనిషిగా పుట్టించినందుకు ఇప్పటికీ పొద్దున్నే మొదటి స్తోత్రం దానికే చెప్పుకుంటాను.

వార్డెన్ సారు చిన్నవాడు. మా అమ్మాయి కంటే రెండేళ్ళు చిన్న ఉంటాడేమో. ముందు మాకు కుర్చీలు వేయించి, నీళ్ళు ఇప్పించి, ఆ తర్వాతే మాట మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, నువ్వు తప్పు చేసినావని నేను అనట్లేదు. స్టాక్ రిజిస్టర్లో ఇత్తడి గుండిగలు మూడు అని ఉంది. స్టోరులో రెండే ఉన్నాయి. నీ దగ్గర ఆఫీసు సామాను ఏమీ లేదని నేను సర్టిఫికెట్టు రాసిస్తేనే నీ కాగితాలు ఒంగోలుకు పోతాయి. మూడోది చూపించు, ఈ నిమిషమే సంతకం పెడతా."

"అది యాడికి పోద్ది సార్. ఎవురింట్లోనో ఉంటది."

"ఎవరింట్లో?"

మా ఆయన తల గోక్కున్నాడు. "అదే గుర్తు రావట్లా."

"గవర్నమెంటు గుండిగ, ఎవురింట్లోనో ఉంటదా?" ఆ పిల్లవాడు నోరు తెరిచి మా ఆయన్ను చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు, నేనైనా ఏదో సర్దిచెబుతానేమోనని.

నేను రిజిస్టరు ఒకసారి చూపించమన్నాను. పేజీలు తిప్పాను. ఒక్కో ఏడాది ఒక్కో చేతిరాత, ఒక్కో రంగు సిరా. 'ఇత్తడి గుండిగలు, పెద్దవి – మూడు.' ప్రతి మార్చిలోనూ మూడు. లెక్క రాసిన వాళ్ళెవరూ స్టోరు తలుపు తీసినట్టు లేదు, పై గడిలో ఉన్నది చూసి కింది గడిలో దించినట్టుంది. అన్నిటి కిందా మా ఆయన సంతకం, వంకర లేకుండా, ఎంతో శ్రద్ధగా. ఆ సంతకం ఆయనకు నేర్పింది నేనే. చూసి గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

ఎవురింట్లోనో అని ఆయన ఎందుకన్నాడో చెప్పాలి. మాది కొమరోలు వైపు పల్లె. అప్పట్లో చుట్టుపక్కల ఎక్కడా షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే దుకాణాలు లేవు. పెళ్ళిళ్ళన్నీ ఎండాకాలంలో. హాస్టలు మూసేసేదీ ఎండాకాలంలోనే. నూట యాభై మందికి అన్నం ఉడికే గుండిగలు మూడు స్టోరులో బోర్లించి ఉంటే, పెళ్ళి పెట్టుకున్న పేదవాడు ఎవరిని అడుగుతాడు? అప్పటి వార్డెన్లు కూడా, "తీసుకపోనీలే, మళ్ళీ తెచ్చి పెట్టమను" అనేవాళ్ళు. మా ఆయన తాళం తీసి ఇచ్చేవాడు. ఎక్కడా రాసుకునేవాడు కాదు, రాయడం రాదు కాబట్టి. మళ్ళీ అడిగేవాడు కూడా కాదు. ఇచ్చిన గిన్నె కోసం ఇంటి మీదికి పోయి అడగడమంటే మా వైపు తిట్టినట్టే లెక్క. దానంతట అది వస్తుంది, వచ్చేది కూడా. ఆ తర్వాత హాస్టలుకు పెద్ద గ్యాసు పొయ్యిలు, స్టీలు పాత్రలు వచ్చాయి. ఇత్తడి గుండిగల సంగతి అందరూ మరిచిపోయారు.

"కొత్తది ఒకటి కొని పెట్టేస్తే పోదా పెద్దాయనా?" అన్నాడు వార్డెన్ సారు, గొంతు తగ్గించి.

"కొంటే పోగొట్టినట్టు నేను ఒప్పుకున్నట్టే గదా సార్. నేను పోగొట్టలా. ఇచ్చినా, అంతే."

"సరే. వచ్చే సోమవారం ఆడిట్ వాళ్ళు వస్తన్నారు. అప్పటికి లేకపోతే పోయినట్టు నేను రాయాల. రాస్తే ఎంక్వైరీ వేస్తారు. ఎంక్వైరీ పడిందంటే ఇంక ఎన్నేళ్ళో నేను చెప్పలేను." ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్లవాడి ముఖం మా ఇద్దరి ముఖాల కంటే చిన్నబోయింది. అతని మీద నాకు కోపం రాలేదు. ఉద్యోగం కొత్త, పెన్ను మూత తీయాలన్నా భయపడే వయసు.

ఊళ్ళో విషయం తెలియడానికి ఒక పూట పట్టింది. పక్కింటి తమ్ముడు, వరసకు మా ఆయనకు బావమరిది, తెల్లారేసరికి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏంది బావా, గుండిగ మింగినావంట? యాడ దాచినావు, పొట్టలోనా?"

"నీ పెండ్లిలో నువ్వు మింగిన అన్నం ముందల నేనెంత రా."

"అక్కా, రాత్రిపూట ఈయన పొట్ట మీద కొట్టి చూడు. ఖంగుమంటే గుండిగ ఈడనే ఉన్నట్టు."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. తమ్ముడు పోయాక మాత్రం, "నన్ను దొంగ అంటన్నారా మే?" అని అడిగాడు. "ఎవురూ అనలా" అన్నాను. అది నిజమే. కానీ ఆ రోజు ఆయన అన్నం సగం తిని లేచాడు.

ఆ మధ్యాహ్నం నోటుపుస్తకం, పెన్ను తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఒక్కో పెళ్ళీ చెప్పమన్నాను. ఆయనకు పేర్లు గుర్తు లేవు, ఏళ్ళు గుర్తు లేవు. వంటలు గుర్తున్నాయి. "వంకాయ కూర అడుగంటిన పెండ్లి ఒకటి. దాని తర్వాత, వానొచ్చి సాంబార్లో నీళ్ళు పడిన పెండ్లి. ఆ నీళ్ళ సాంబారే అందరూ బాగుందన్నారు మే, నేను ఇప్పటికీ మరిచిపోలా." ఆయన వంట చెబితే నేను ఆ పెళ్ళి ఎవరిదో పోల్చుకుని పేరు రాశాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయనకు నోరు, నాకు చెయ్యి దేవుడు ఎందుకిచ్చాడో ఆ మధ్యాహ్నం అర్థమైనట్టనిపించింది. చివరికి వచ్చేసరికి, "కురిచేడు చిన్నమ్మ కొడుకు పెండ్లి. బెల్లం పాయసం. ఆ గుండిగ తిరిగి నా చేతికి వచ్చినట్టు లేదు" అన్నాడు. అది ఏడేళ్ళ కిందటి మాట, అప్పుడే ఆయనకు టైఫాయిడ్ వచ్చి నెల రోజులు గిద్దలూరు ఆస్పత్రిలో ఉన్నాడని నాకు గుర్తొచ్చింది.

ఫోను చేస్తే సరిపోదని ఇద్దరం బస్సెక్కి కురిచేడు పోయాం. చిన్నమ్మ మమ్మల్ని చూసి సంబరపడింది. గుండిగ సంగతి ఎత్తేసరికి చెయ్యి దులిపేసింది.

"మేం పెట్టుకోలేదు నాయనా. నువ్వే గదా ఆస్పత్రిలో ఉండి ఫోను చేసి చెప్పినావు, పెద్దారవీడు కాడ మన చెల్లెలు కూతురి పెండ్లి పెట్టుకుంది, దానికి ఇచ్చి పంపు అని. పంపినాం. ఉత్తదే పంపినామా? అరటిగెల పెట్టి పంపినాం. దాన్ని అడుగు, గెల ఉండెనో లేదో."

జ్వరంలో అన్న ఆ మాట ఈయనకు గుర్తే లేదు. చెల్లెలంటే తోడబుట్టింది కాదు, మా ఊరి ఆడపిల్ల, వరసకు చెల్లెలు. పెద్దారవీడు అవతల కొండ మొదట్లో ఒక పల్లెకు ఇచ్చారు. కూతురి పెళ్ళయిన ఆ ఏడే ఆమె భర్త పోయాడని విన్నాం. అప్పుడు ఈయన మంచం మీద ఉండి పోలేకపోయాడు. తర్వాత పోవడానికి మొహం చెల్లలేదు.

ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లోనే ఉండి, పొద్దున్నే మార్కాపురం మీదుగా పెద్దారవీడు బస్సెక్కాం. అది శుక్రవారం. దారంతా నేను లోలోపల మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఏడేళ్ళు ఇంట్లో పెట్టుకుని ఒక్క కబురైనా పంపలేదే, మా నోటికాడ కూడు ఆగిపోయిందని నీకు తెలుసా, అని అడగాలని. పొద్దున ప్రార్థన చేసుకున్న నోటితోనే ఆ మాటలు నూరుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా జరిగింది రాయాలి.

రేకుల ఇల్లు. ముందు చిన్న వసారా. ఆమె మమ్మల్ని చూసి లేచి నిలబడింది. వందనాలు చెప్పలేదు, రమ్మని కూడా అనలేదు.

"గుండిగ కోసం వచ్చినావా అన్నా" అంది.

మా ఆయన అవునన్నట్టు తల ఆడించాడు. ఆమె మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. మూలన పాత చీర కప్పి ఉంది. తీసింది. గుండిగ మెరుస్తూ ఉంది. చింతపండుతో తోమి, కొత్తగా కళాయి కూడా పూయించింది. ఏడేళ్ళుగా ఒక్క మెతుకు కూడా వండని గుండిగకు కళాయి.

"ఇంత బాగా పెట్టుకున్నావు, పంపకపోయినావా అమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఎట్ల పంపేది అన్నా. నా కూతురు పెండ్లి దీంట్లో అన్నంతోనే అయింది. వట్టిదాన్ని ఎట్ల పంపేది? అరటిగెలతో వచ్చిన గుండిగ. అట్టడుగు కనపడకుండా ఏదన్నా పోసి పంపుదామనుకున్నా. ఆ ఏడు ఆయన పోయినాడు. మరుసటేడు బోరు ఎండిపోయింది. కాసిని బియ్యం దాచిపెట్టేది, మళ్ళీ తినేది. ఇంత పెద్ద గుండిగలో రెండు పిడికిళ్ళు పోసి పంపితే చూసినోళ్ళు నవ్వరా? పంపకుండా పంపకుండా, తర్వాత కబురు చెప్పేకి కూడా నోరు రాలా."

మా వైపు ఎవరింటి గిన్నె అయినా వట్టిగా తిప్పి పంపరు. కూర పంపిన గిన్నెలో నాలుగు పచ్చిమిరపకాయలో, ఏమీ లేకుంటే ఇంత ఉప్పో వేసి ఇస్తారు. నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన మర్యాదే. గిన్నెంత మర్యాద సరిపోతుంది గానీ, గుండిగంత మర్యాద ఒక ఒంటరి ఆడమనిషి ఎక్కడి నుంచి తెస్తుందని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. దారిలో కూర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా నా నోట్లో మిగల్లేదు.

మా ఆయన జరిగిందంతా నెమ్మదిగా చెప్పాడు. సంతకం, సోమవారం, ఎంక్వైరీ. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని విన్నది.

"నా వల్ల నీ పెన్షను ఆగిందా అన్నా?"

"నీ వల్ల కాదులే అమ్మా. గుండిగ ఇయ్యి, ఈ బస్సుకే పోతాం."

"ఆదివారం దాకా ఉండండి. కంది కోసి కుప్ప ఏసినా. ఆదివారం కూలోళ్ళు వస్తారు. రాత్రికి కందులు పోసి ఇస్తా."

"ఆదివారం అయితే మాకు కుదరదు తల్లీ. వట్టిదే ఇయ్యి. నేనేమీ అనుకోను."

"నువ్వు అనుకోవు. నేను అనుకుంటా." అని ఆమె గుండిగకు, వాకిలికి మధ్య కూర్చుంది. "నన్ను దాటి తీసుకపో మరి."

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. హాస్టల్లో పప్పు చాలనప్పుడు కూడా ఇట్లాగే చూసేవాడట. ఆడిట్ ఒక వైపు, ఈ మనిషి ఒక వైపు. గుండిగను లాక్కుని పోతే సంతకం దొరుకుతుంది. కానీ ఏడేళ్ళు మోసిన మాట కోసం కూర్చున్న మనిషిని పక్కకు నెట్టి తెచ్చుకున్న పెన్షను మెతుకు గొంతు దిగుతుందా?

"వదినా, నీ కుప్ప యాడ?" అన్నాను.

చేను ఇంటి వెనకే, నల్లమల కొండ వైపు. కంది మోళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటున్నాయి. ముగ్గురం కుప్ప లోంచి నాలుగు మోపులు లాగి గోనెపట్ట మీద పరిచి కట్టెలతో కొట్టడం మొదలుపెట్టాం. మా ఆయన గరిటె పట్టిన చెయ్యి, కట్టె పట్టిన చెయ్యి కాదు. గంటకే అరచేతులు బొబ్బలెక్కాయి.

"అన్నా, పప్పు తిప్పినట్టు తిప్పుతన్నావు. కొట్టాల!" అంది ఆమె. ఆ రోజు మొదటిసారి నవ్వింది.

"నూట యాభై మందికి తిప్పిన చెయ్యి ఇది, దీన్ని ఎగతాళి చేస్తన్నావా?"

"నూట యాభై మందికి పెట్టినోడివి, నా కుప్ప ముందల పడిపోతివి."

నేను చేటతో ఎగరబోశాను. దుమ్ముకు ఉబ్బసం గుర్తొచ్చింది గానీ, దేవుడి దయ, ఆ రోజు ఒక్క దగ్గు కూడా రాలేదు. మధ్యాహ్నం బస్సు పోయింది. సంగటి ముద్ద, పచ్చిమిరపకాయల పచ్చడి పెట్టింది, చేలోనే తిన్నాం. పొద్దు వాలేసరికి ఎనిమిది మానికల కందులు అయ్యాయి. గుండిగలో పోస్తే అడుగు మూసుకుని జానెడు లోతు వచ్చింది. ఆమె చెయ్యి పెట్టి చదును చేసింది. ఒకటికి రెండుసార్లు చదును చేసింది. అప్పుడు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. పెద్ద ప్రార్థన కాదు. "తండ్రీ, వట్టిగ పోలేదు. నీకు స్తోత్రం" అంది, అంతే. నా జీవితంలో విన్న ప్రార్థనల్లో అంత బరువైనది నాకు ఇంకొకటి తెలియదు.

పట్టతో మూతి కట్టి, ఇద్దరం చెరో చెవి పట్టుకుని సాయంత్రం బస్సు ఎక్కించాం. కండక్టరు ఒక అమ్మాయి. గుండిగను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"పెద్దమ్మా, నీకు టికెట్టు లేదు, ఆధార్ చూపించు. మామకు టికెట్టు. మరి ఇదేంది?"

"నా పెన్షను" అన్నాడు మా ఆయన.

"పెన్షను బ్యాంకులో పడతది గదా మామా, ఇంత లావు ఉంటదా?"

వెనక సీట్లోంచి ఎవరో, "గుండిగ ఆడదే అమ్మా, దానికీ ఫ్రీ. ఆధార్ అడుగు" అన్నారు. బస్సంతా నవ్వింది. ఆ అమ్మాయి లగేజీ టికెట్టు కొట్టింది. కొట్టి, మార్కాపురంలో దిగేటప్పుడు తానే ఒక చెయ్యి వేసి దింపించింది. ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆ రాత్రి మార్కాపురంలో మా నాయన పాత స్నేహితుడి ఇంటి వసారాలో పడుకుని, శనివారం మధ్యాహ్నానికి హాస్టలు గేటు దగ్గర దిగాం.

వార్డెన్ సారు పరుగున వచ్చాడు. అడుగున హాస్టలు గుర్తు కొట్టి ఉంటుంది, చూడాలన్నాడు. చూడాలంటే బోర్లించాలి కదా, పట్ట విప్పాడు.

"ఇవేంది పెద్దాయనా?"

"కందులు సార్. గుండిగ వట్టిగ రాదు."

"అయ్యో, ఇవి ఎక్కడ రాయాల నేను? సామాన్ల రిజిస్టర్లోనా, సరుకుల రిజిస్టర్లోనా? బిల్లు ఏదంటారు సోమవారం!" నిజంగానే చెమట పట్టింది ఆ పిల్లవాడికి.

మా ఆయన ఆలోచించాడు. "సోమవారం దాకా ఉంటే గదా సార్ అడిగేది. రేపు పొద్దున్నే పిల్లలకు గుగ్గిళ్ళు చేస్తా."

అట్లాగే చేశాడు. కందులు రాత్రి నానబెట్టి, ఆదివారం పొద్దున అదే గుండిగలో ఉడికించి, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయలు, కరివేపాకు తాలింపు పెట్టాడు. బొబ్బల చేతులతోనే. పిల్లలు రెండోసారి, మూడోసారి వరసలో నిలబడ్డారు. వార్డెన్ సారు కూడా ఒక ప్లేటు తెచ్చుకుని పక్కన కూర్చుని తిన్నాడు. తిన్నాక చెయ్యి కడుక్కుని, గుండిగ తోమి బోర్లించాక అడుగున గుర్తు చూసి, స్టోరులో మిగతా రెండిటి పక్కన పెట్టించి, లోపలికి పోయి సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టాడు. కాగితం నా చేతికిచ్చి, "చదువుకోమ్మా, ఏమన్నా తప్పుంటే చెప్పు" అన్నాడు. మెల్లగా, ప్రతి అక్షరమూ చదివాను. తప్పు లేదు.

కాగితాలు ఒంగోలు పోయాయి, అక్కడి నుంచి ఇంకెక్కడికో పోయాయి, ఇంకో నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఏదో ఫోటో కావాలన్నారు, ఇద్దరం కలిసి దిగింది. పెళ్ళప్పుడు దిగిన ఫోటో తర్వాత మేమిద్దరం కలిసి దిగింది అదే. మా ఆయన దానికి నవ్వకూడదని చెప్పినా నవ్వాడు, ఫోటోగ్రాఫరు మళ్ళీ తీయాల్సి వచ్చింది.

మొన్న ఒకటో తారీఖున ఫోనుకు మెసేజి వచ్చింది. ఇంగ్లీషు మాటలు నాకు రావు, అంకెలు వస్తాయి. అంకె చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. బ్యాంకు తెరిచే దాకా ఆగి, పోయి అడిగి వచ్చాం. పడిందన్నారు. గ్రాట్యుటీ ఇంకా రావాలి, వస్తుందన్నారు. నేను నమ్ముతున్నాను.

దారిలో ఆయన బియ్యం కొన్నాడు. ఇంటికొచ్చి, "ఈ పొద్దు నువ్వు లేయొద్దు, నేను వండుతా" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఇంట్లో ఆయన వండింది లేదు. నేను మంచం మీద కూర్చుని చూశాను. నూట యాభై మందికి వండిన మనిషికి ఇద్దరికి ఎన్ని బియ్యం పోయాలో తెలియదు. పోశాడు, చూశాడు, ఇంకాస్త పోశాడు. ఇన్ని నెలలూ డబ్బా అడుగు చూసుకుంటూ ఒక్కో గ్లాసు కొలుచుకున్నదాన్నే నేను. పోయనీ అనుకున్నాను.

అన్నం మూత తోసుకుని పైకి వచ్చింది. వాకిట్లోకి పోయి పక్కింటి తమ్ముణ్ణి, అతని భార్యను, ఎదురింటి ముసలమ్మను పిలుచుకొచ్చాను. తమ్ముడు కూర్చుంటూనే, "ఏంది బావా, గుండిగ కక్కినావంట?" అన్నాడు. అందరం తిన్నాం.

మా ఆయన అందరికీ వడ్డించి చివర్న కూర్చున్నాడు. పప్పు కలుపుకుని ఒక ముద్ద తిని, ఆగి, నా వైపు చూశాడు.

"ఉప్పు తక్కువైంది గదా మే? ముందే చెప్పకపోయినావా?"

"నాకు సరిపోయింది" అన్నాను.